పిలుపు దరువు

మొన్న అనంతపురంలో ఒక కాలేజీ బ్యాండు పిల్లలు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. ఒకడికి గిటారు వచ్చు, ఒక అమ్మాయికి వయొలిన్, ఇంకొకడికి మృదంగం. ఇక ఒక ఉరుము కావాలట. ఉరుము వాయించేవాళ్ళ నంబరు నా దగ్గర ఉంటుందని ఎవరో చెప్పారట. ఉంది. ఇవ్వలేదు. కాఫీ తాగించి పంపేశాను. ముసలాడికి పొగరు అనుకుని ఉంటారు. పొగరే అయితే బాగుండేది. ఎందుకు ఇవ్వలేదో ఆ పిల్లల ముఖాలు చూస్తూ చెప్పలేకపోయాను, అందుకని రాస్తున్నాను. బ్యాండు పెట్టుకోవాలని ఉబలాటపడేవాళ్ళు మీలో ఉంటే ఓపిగ్గా చదవండి.

నా ఉద్యోగం శాక్సోఫోన్. అది ఉద్యోగమా అని మా మామగారు చచ్చేదాకా అడుగుతూనే ఉన్నాడు. గుంతకల్లు రైల్వే కాలనీలో పెరిగాను. అక్కడ ఆంగ్లో ఇండియన్ ఇంజను డ్రైవరు ఒకాయన, రిటైరయ్యాక ఆదివారం సాయంత్రాలు ఇంటి వరండాలో జాజ్ వాయించేవాడు. ఆయన దగ్గర నేర్చుకున్నదంతా తీసుకుపోయి పెళ్ళి మేళాల్లో సినిమా పాటలకు తగలేశాను. నలభై దాటాక బెంగుళూరులో ఒక బ్యాండు పిలిచింది. మన సంగీతాన్ని, రాక్‌నీ, జాజ్‌నీ కలిపి వాయించే బ్యాండు. వాళ్ళు దాన్ని ఫ్యూజన్ అనేవాళ్ళు. మా ఆవిడ కలగూర గంప అనేది. పై పళ్ళు ఊడి, ఊదితే గాలి పక్కదారి పట్టడం మొదలయ్యేదాకా అందులోనే పనిచేశాను. శాక్సోఫోన్ వాడికి పదవీ విరమణ వయసు సర్కారు నిర్ణయించదు, చిగుళ్ళు నిర్ణయిస్తాయి.

బ్యాండుకు నాయకుడు కీబోర్డు వాయించేవాడు. నాకంటే చాలా చిన్నవాడు, అయినా అందరం సారు అనేవాళ్ళం. పుట్టింది అనంతపురంలోనే, పెరిగింది బెంగుళూరులో. తెలివైనవాడు, ఆ మాట ఇప్పటికీ కాదనను. ఒక రాగం ఎత్తుకుని దాని కింద జాజ్ స్వరాలు పేర్చాడంటే రెండూ ఒక తల్లి పిల్లలేమో అనిపించేది. అంత మంచి చెవి. చెవి మంచిదైతే మనసూ మంచిదే అనుకోవడం సంగీతగాళ్ళందరం చేసే పొరపాటు.

సారుకు ఒక ఊతపదం ఉండేది, ‘మన నేల శబ్దం’ అని. పత్రికల వాళ్ళు వస్తే కనీసం నాలుగుసార్లు అనేవాడు. ఆ నేల శబ్దాన్ని వెతుక్కుంటూ అనంతపురంలో ఒక కళా ఉత్సవానికి వెళ్ళి, అక్కడ ఉరుము విన్నాడు. చూడనివాళ్ళ కోసం చెబుతాను. ఉరుము భుజానికి తగిలించుకునే రెండు ముఖాల వాద్యం. ఒక వైపు పుల్లతో కొడతారు. రెండో వైపు వంకర పుల్లతో చర్మాన్ని రుద్దుతారు. రుద్దితే మూలుగు వస్తుంది, దూరంగా మబ్బు గొణిగినట్టు. వాన మొహం చూడని సీమలో మబ్బు గొంతును చేతుల్లో పట్టుకు తిరిగే మనుషులు వాళ్ళు. ఊరి అమ్మవారి జాతరలో ముందు నడిచేది వాళ్ళే. వాళ్ళ ఇండ్లు మాత్రం ఊరికి ఎడంగా ఉంటాయి.

సారు పట్టుకొచ్చిన పెద్దాయనది కంబదూరు పక్కన ఒక పల్లె. వెంట కొడుకు కూడా వచ్చాడు. ఉరుము ఒంటరిగా వాయించేది కాదు, ఒకరు అడిగితే ఒకరు జవాబు చెప్పాలి. పెద్దాయనది అడగడం, కొడుకుది జవాబు. కొడుక్కి ముప్పై లోపు. కూలి పనులకు పోయి పోయి విసిగి ఉన్నాడు. బ్యాండు వ్యానులో కిటికీ పక్కన కూర్చుని బెంగుళూరు మేడలను తలెత్తి చూస్తుంటే, వాడికి ఇక ఊరు గుర్తుండదనిపించింది. తప్పు పట్టను. నేనూ అలాగే గుంతకల్లు వదిలాను.

మొదటి రోజు అభ్యాసంలోనే నవ్వులాట అయింది. గది నిండా ఏసీ. ఆ చల్లదనానికి ఉరుము చర్మం వదులై పిల్లి ఏడ్చినట్టు పలికింది. పెద్దాయన వరండాలోకి పోయి, దొరికిన అట్టపెట్టెలు చించి మంట పెట్టి, ఉరుము వెచ్చబెట్టుకుంటున్నాడు. పొగ చూసి వాచ్‌మన్ నీళ్ళ బకెట్‌తో పరుగెత్తుకొచ్చాడు. డ్రమ్స్ వాయించే మా కన్నడ కుర్రాడు నవ్వలేక నేల మీద కూర్చుండిపోయాడు. మరునాటి నుంచి పెద్దాయన ఉరుముతో మిద్దె మీదికి పోయి ఎండలో కూర్చునేవాడు, నేనూ పక్కన కూర్చునేవాణ్ణి. ఆయన్ని మామా అనేవాణ్ణి. నా శాక్సోఫోన్ ఆయన దృష్టిలో సన్నాయి, కాకపోతే కాస్త బలిసిన సన్నాయి.

ఆ మిద్దె మీదే, సారు కూడా ఉండగా, ఆయన ఒక మాట ముందే చెప్పాడు. ఉరుములో ఎన్నో దరువులున్నాయి, ఏది కావాలన్నా వాయిస్తాడు. ఒక్క పిలుపు దరువు మాత్రం అడగకూడదు.

"అది అమ్మ ముందర తప్ప యాడా వాయించం సామీ. పిలిస్తే వస్తాది. వచ్చినాక సాగనంపల్ల. సాగనంపేదాంక ఉరుము భుజం మీంచి దించేకి లేదు."

సాగనంపడానికి వేరే దరువు ఉంది. పూనకం వచ్చిన మనిషి చుట్టూ ఇద్దరూ తిరుగుతూ, ఒకరు అడుగుతూ ఒకరు జవాబు చెబుతూ మెల్లగా దించాలి. ఎంతసేపు పడుతుందో ఎవరూ చెప్పలేరు. పిలిచి మధ్యలో వదిలేసిన ఇంటివాళ్ళు ఇక జాతరలో ఉరుము ముట్టుకోకూడదు. ఆ ఇంటికి ఉన్న ఒక్క మర్యాద అదే. ఏడాదంతా ఎడంగా నిలబడే మనుషులు ఆ ఒక్కరోజు ఊరి ముందర నడుస్తారు. సారు అంతా విని తల ఊపాడు. ఎంత బాగుందో అన్నాడు. ఆ తల ఊపడం చూసి నాకు ఆయన మీద గౌరవం పెరిగింది కూడా.

మా పాటలు ఎలా నడిచేవో ఒక్క ముక్క చెప్పాలి. డ్రమ్స్ కుర్రాడి చెవిలో కంప్యూటరు టిక్కు టిక్కుమని కొడుతూ ఉంటుంది. పాట ఎక్కడ మొదలవ్వాలో, ఎక్కడ ఆగాలో అది ముందే చెప్పి పెడుతుంది. దీపాలు, వెనక తెర మీది బొమ్మలు అన్నీ దానికే కట్టేసి ఉంటాయి. టిక్కు ఆగితే పాట ఆగాలి. జనం గంతులు వేస్తున్నారని ఇంకో చుట్టు వాయించడానికి లేదు. పెళ్ళి మేళంలో పెళ్ళికొడుకు గుర్రం దిగేదాకా వాయించినవాణ్ణి, నాకు ఇది ఎప్పుడూ మింగుడు పడలేదు.

ఆ ఏడు కంబదూరు వైపు ఎండిన చెరువు మైదానంలో మా కార్యక్రమం పెట్టారు. ఎవరో పెద్దలు కరువు మీద ఏదో ఉత్సవం చేస్తూ పిలిచారు. శనక్కాయ విత్తనం వేసి జనం ఆకాశం వైపు చూస్తున్న రోజులు. వేదిక ముందు అతిథులకు సోఫాలు, వాళ్ళ వెనక తాడు, తాడు వెనక జనం. మా ఊరోళ్ళు వాయిస్తారంట అని పెద్దాయన పల్లె నుంచి ఆటోల్లో వచ్చారు. వాళ్ళలో బళ్ళో మధ్యాహ్నం వంట చేసే ఒకావిడ, నలభై ఏళ్ళుంటాయేమో, మాకందరికీ ఒక డబ్బాలో ఉగ్గాని తెచ్చింది. ప్రతి జాతరలో అమ్మ వచ్చేది ఈయమ్మ మీదికేనని పెద్దాయన నాకు చెప్పాడు. ఆమె సిగ్గుపడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మధ్యాహ్నం సారు పెద్దాయన్ని పక్కకు పిలిచాడు. ఈరోజు పాట పెద్ద కెమెరాలతో తీస్తున్నారు, వాన పాట చివర్లో పిలుపు దరువు పడితే ఇక దానికి తిరుగుండదు అన్నాడు. ఒక్కసారే అన్నాడు. మన ఊళ్ళోనే కదా, మన జనమే కదా అన్నాడు.

"మా జనమే సామీ. అందుకే వద్దంటాండా" అన్నాడు పెద్దాయన.

సారు నవ్వి ఆయన భుజం తట్టి వదిలేశాడు. కాసేపటికి జనరేటరు బండి పక్కన సారు పెద్దాయన కొడుకుతో మాట్లాడుతూ కనిపించాడు. నేను చూశాను. ఆ నెలల్లో మా బ్యాండుకు విదేశాల పిలుపు ఒకటి నడుస్తోంది. వాణ్ణి తీసుకుపోతానని చెబుతున్నాడేమో, పోనీలే పాపం బాగుపడతాడు అనుకున్నాను. చెబుతున్నది అదే. దానికి బదులుగా ఏం అడుగుతున్నాడన్నది నా బుర్రకు తట్టలేదు.

పొద్దు వాలుతుండగా మొదలుపెట్టాం. వాన పాట చివరికి వచ్చింది. అందరం తగ్గాలి, ఉరుము ఒక్కటే మూలగాలి. పెద్దాయన అడిగే దరువు అడిగాడు. కొడుకు ఇవ్వాల్సిన జవాబు ఇవ్వలేదు. వేరేది ఎత్తుకున్నాడు. నాకు తెలియని దరువు. పెద్దాయన చెయ్యి ఆగిపోవడం చూశాక తెలిసింది అది ఏమిటో. ఆయన పక్కకు జరిగి కొడుకు ఉరుము మీద అరచెయ్యి వేయబోయాడు. వాడు ఒక అడుగు వెనక్కి వేసి, తండ్రి వైపు చూడకుండా వాయిస్తూనే ఉన్నాడు. సారు మా అందరికీ పైకి, పైకి అని చేత్తో సైగ చేస్తున్నాడు. నిజం చెప్పొద్దూ, ఆ దరువు వింటే ఊదకుండా ఉండడం ఎవడి తరమూ కాదు. నా జీవితంలో అంత బాగా నేను ఎప్పుడూ వాయించలేదు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

తాడు వెనక జనం చీలారు. ఆ వంటావిడ జుట్టు విరబోసుకుని తాడు దాటి సోఫాల మధ్యకు వచ్చింది. సోఫాల్లో ఉన్నవాళ్ళు కాళ్ళు పైకి ముడుచుకున్నారు. కెమెరా ఆమె ముఖం మీదికి పోయింది. సారు ముఖం వెలిగిపోయింది. అప్పుడే డ్రమ్స్ కుర్రాడి చెవిలో టిక్కు అయిపోయింది. వాడు చివరి దెబ్బ కొట్టాడు. దీపాలు ఆరాయి, మళ్ళీ వెలిగాయి, చప్పట్లు. మైకు పట్టుకున్న అమ్మాయి వచ్చి, ఇంత అద్భుతమైన ప్రదర్శన ఇచ్చిన కళాకారులను ఇప్పుడు పెద్దలు సత్కరిస్తారని చెప్పింది.

కింద ఆమె ఊగుతూనే ఉంది. పెద్దాయన ఉరుముతో వేదిక మీంచి దూకాడు. ఆ వయసులో అలా దూకుతాడనుకోలేదు. ఆమె చుట్టూ తిరుగుతూ సాగనంపే దరువు ఎత్తుకున్నాడు. అడుగుతున్నాడు, జవాబు లేదు. వేదిక మీదికి చూసి అరిచాడు.

"రేయ్, దిగి రారా. జవాబియ్యరా."

కొడుకు వేదిక మీదే ఉన్నాడు. అతిథి ఒకాయన వాడికి శాలువా కప్పుతున్నాడు. సారు వాడి మోచెయ్యి పట్టుకుని కెమెరా వైపు తిప్పి నిలబెట్టాడు. వాడు ఒకసారి తండ్రి వైపు, ఒకసారి సారు వైపు చూశాడు. దిగలేదు. నేను దిగిపోయి పెద్దాయన పక్కన నిలబడి, ఆ జవాబు నాకు తెలిసినంతలో శాక్సోఫోన్ మీద అందుకోబోయాను. ఆయన వద్దని తల తిప్పాడు. అది ఊదే జవాబు కాదు. ఇంతలో ఉత్సవం తాలూకు మనుషులు నలుగురు వచ్చారు. పైన పెద్దలు మాట్లాడుతున్నారట, కింద ఈ గోలేమిటట. ఒకడు పెద్దాయన భుజం మీంచి ఉరుము ఊడబెరికి సోఫా వెనక పెట్టాడు. ఇద్దరు ఆడవాళ్ళు ఆమెను పట్టుకుని ఆటోలో ఎక్కించారు. ఆసుపత్రిలో సూది వేసి నిద్రపుచ్చారని తర్వాత విన్నాం. పెద్దాయన ఉత్త చేతులతో నిలబడి ఆటో పోయిన దిక్కు చూస్తూ ఉండిపోయాడు. మేము ఇంకా ఒక పాట వాయించాల్సి ఉంది. వాయించాం.

అమ్మ రావడం, పోవడం ఇవన్నీ నమ్ముతారా అని నన్ను అడగకండి. నమ్మినా నమ్మకపోయినా జరిగింది వినండి. సారు ఆ ముక్కను వీడియోగా పెట్టాడు. ఆమె ముఖం, విరబోసిన జుట్టు, వెనక మా వాద్యాలు. అది ఫోను ఫోనుకూ పాకింది. ఆమె వంట చేసే బళ్ళో పిల్లలు దాన్ని చూసి, ఆమె అన్నం వడ్డిస్తుంటే తలలు ఊపి చూపించేవాళ్ళట. కొన్నాళ్ళు ఓర్చుకుంది. తర్వాత బడికి పోవడం మానేసింది. ఆ కూలి కూడా పోయింది. వీడియో తీసేయమని నేను సారుకు ఫోను చేశాను. పాటకు ప్రాణం ఆమె ముఖంలోనే ఉందన్నా, అన్నాడు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అని ఫోను పెట్టేశాను.

ఆ ఏడు వాన రాలేదు. శనక్కాయ చెట్లు చేలల్లోనే మాడిపోయాయి. పిలిచి వదిలేసినారు, అందుకే వాన ఎనక్కి పోయింది అని ఊరు ఒకటే మాట మీద నిలబడింది. పంచాయితీ పెట్టి, ఆ ఇంటివాళ్ళు ఇక అమ్మ ముందర ఉరుము పట్టకూడదని తీర్మానించారు. మైదానంలో సోఫాలేసినవాళ్ళను, కెమెరాలు పెట్టినవాళ్ళను, టిక్కు కొట్టిన కంప్యూటరును ఎవరూ ఏమీ అనలేదు. వాళ్ళెవరూ ఊరికి ఎడంగా ఉండే ఇండ్లవాళ్ళు కాదు మరి.

విదేశాల పర్యటనకు కొడుకు రాలేదు. టికెట్టు ఒకటి తగ్గించుకోవడానికి సారు వాడి దరువులను ముందే కంప్యూటరులోకి ఎక్కించి పెట్టుకున్నాడు. అక్కడ డ్రమ్స్ కుర్రాడు ఒక బిళ్ళ నొక్కితే ఉరుము మోగేది. కొడుకు ఊరికి పోలేడు, బ్యాండులో లేడు. బెంగుళూరులో ఏదో అపార్టుమెంటు గేటు దగ్గర వాచ్‌మన్‌గా చేరాడు. ఒకసారి కలిశాను. నాయన ఎట్లున్నాడని నన్నే అడిగాడు.

తిరిగి వచ్చాక ఆ పాటను స్టూడియోలో సరిచేసి విడుదల చేశారు. నేను పక్కనే కూర్చుని ఉన్నాను. ఉరుము మూలుగు కీబోర్డు శ్రుతికి కుదరడం లేదని సారు దాన్ని తగ్గిస్తూ, తగ్గిస్తూ పోయాడు. జనం ఫోన్లలో వింటారన్నా, అక్కడ అది ఉత్త రొదలాగా ఉంటుంది అన్నాడు. అయితే ఇంకెందుకు అంత చేశావు అని అడిగాను. వీడియోలో కనిపిస్తుంది కదా అన్నాడు. ఆ పాటకు మాకు చాలా పేరు వచ్చింది.

మరుసటి ఏడు జాతరకు ఆ పల్లెకు పోయాను. ఎందుకు పోయానో నాకే తెలియదు, ఎవరూ పిలవలేదు. పెద్దాయన తన ఇంటి ముందర చాప మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి జరిగి చోటిచ్చాడు. కొడుకు సంగతి చెప్పాను. విన్నాడు. సారు సంగతి ఆయన అడగలేదు. ఇంతలో ఊరి మధ్య నుంచి పెద్ద పెట్టెల్లో పాట మొదలైంది. మా వాన పాట. ఈ ఇంటివాళ్ళు వాయించకూడదు, ఇంకో ఇంటివాళ్ళ హక్కులోకి పక్క ఊళ్ళ ఉరుములోళ్ళు రారు. ఉరుము లేకుండా జాతర నడవదు. ఊరి కుర్రాళ్ళు ఆలోచించి, మన ఊరి ఉరుమే కదా, ఫోన్లో ఉంది కదా అని అమ్మ ముందర అదే పెట్టారట.

పెద్దాయన మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, తల ఒక పక్కకు వాల్చి, మొదటి నుంచి చివరిదాకా విన్నాడు. మధ్యలో నేను ఏదో మాట్లాడబోతే చెయ్యెత్తి ఆపాడు. పాట అయిపోయింది.

"నీ సన్నాయి బాగా వినపడతాండాదప్పా" అన్నాడు. "డ్రమ్ములూ వినపడతాండాయి. మా వాని ఉరుమే యాడా దొరకల్యా."

ఆయన చెవిలో చిటికెన వేలు పెట్టి ఆడించుకున్నాడు.

"వయసైపాయ. చెవులు పోయినట్లుండాయి. మళ్ళా ఏస్తారు సూడు, నువ్వన్నా విని చెప్పు."

మళ్ళీ వేశారు. విన్నాను. ఆయన చెవులకు ఏమీ కాలేదు.